అమెరికాకు అమెరికాయే ముందు

అమెరికా పేరెత్తితే మనవాళ్లలో రెండు వర్గాలు కనిపిస్తాయి. ఒకరికి అది పిల్లలు బాగుపడే చోటు, కాబట్టి అది ఏం చేసినా ఒప్పే. ఇంకొకరికి అది సామ్రాజ్యవాదం, కాబట్టి ఏం చేసినా తప్పే. అక్కడి సంప్రదాయవాదులు ఏమంటున్నారో, దేశభద్రత పేరుతో వాషింగ్టన్‌లో ఏం జరుగుతుందో అర్థం కావాలంటే ఈ రెండు కళ్లద్దాలూ పక్కన పెట్టాలి. అందుకు సూళ్లూరుపేట కంటే మంచి చోటు లేదు. అమెరికా అధ్యక్షుడు ఒక కాగితం మీద సంతకం పెడితే దాని దెబ్బ నేరుగా తగిలిన ఊరు ఇది. ఆ సంతకం చెల్లకుండా పోయిన రోజు కూడా ఈ ఊరు మిద్దెలెక్కి చూసింది.

2025 జూలై 30 సాయంత్రం 5 గంటల 40 నిమిషాలకు శ్రీహరికోటలో జీఎస్ఎల్వీ-ఎఫ్16 లేచింది. అది మోసుకెళ్లిన నిసార్ ఉపగ్రహం నాసా, ఇస్రో కలిసి చేసినది. ఎల్-బ్యాండ్ రాడార్ వాళ్లది, ఎస్-బ్యాండ్ రాడార్ మనది, బరువు 2,392 కిలోలు. నాసా తన ఖరీదైన సరుకును తెచ్చి మన రాకెట్ కొసన పెట్టింది. ఆ రాకెట్ పై అంచెలో మండింది క్రయోజెనిక్ ఇంజను. సరిగ్గా ఆ ఇంజనే మన చేతికి రాకూడదని ముప్పై మూడేళ్ల కిందట అమెరికా పంతం పట్టింది. పులికాట్ రోడ్డు మీద బస్సుల్లో షార్‌కు ఉద్యోగానికి వెళ్లొచ్చిన పాతతరంవాళ్లకు ఈ కథ కంఠతా వచ్చు. కొత్తవాళ్ల కోసం చెప్పుకోవాలి.

1991 జనవరిలో ఇస్రో సోవియట్ సంస్థ గ్లావ్‌కాస్మోస్‌తో ఒప్పందం చేసుకుంది. ఇంజన్లతో పాటు వాటిని తయారుచేసే విద్యను కూడా ఇవ్వాలన్నది షరతు. ఆ ఏడాది చివరికే సోవియట్ యూనియన్ కూలిపోయింది. 1992 మేలో పెద్ద బుష్ ప్రభుత్వం ఇస్రో మీద, గ్లావ్‌కాస్మోస్ మీద రెండేళ్ల ఆంక్షలు విధించింది. క్షిపణి పరిజ్ఞానం వ్యాపించకుండా 1987లో కొన్ని దేశాలు రాసుకున్న కట్టుబాటును సాకుగా చూపింది. ఎంత పేలవమైన సాకో చూడండి. ఈ ఇంజనుకు కావలసిన ద్రవ హైడ్రోజన్ సున్నాకు 253 డిగ్రీల దిగువన ఉండాలి. దాన్ని నింపడానికే గంటల తరబడి తతంగం. యుద్ధం వస్తే నిమిషాల్లో వదలాల్సిన క్షిపణికి ఇలాంటి ఇంజను పెట్టుకునే సైన్యం ప్రపంచంలో ఉండదు. ఆ సంగతి పెంటగన్‌లో కూర్చున్నవాళ్లకు తెలియదనుకోవడం మన అమాయకత్వం.

ఇది రిపబ్లికన్ల పాపమని డెమొక్రాట్లను మెచ్చుకునేవాళ్లు ఆ తర్వాత జరిగింది మరచిపోతారు. ఈ ఒప్పందం రద్దయితేనే రష్యాకు సాయం అనే సవరణను సెనేట్‌లో పట్టుబట్టి తెచ్చినవాడు డెమొక్రాట్ సెనేటర్ జో బైడెన్. తర్వాత ఆయనే అధ్యక్షుడయ్యాడు. 1993లో యెల్త్సిన్ మెడలు వంచి ఆ విద్య మనకు రాకుండా చేసిందీ డెమొక్రాట్ క్లింటన్ ప్రభుత్వమే. చివరికి ఇంజన్లు వచ్చాయి, చేసే విధానం రాలేదు. మన దేశంలో రెండు పార్టీలు దేశభద్రత మీద ఇంత ఒక్క మాట మీద నిలబడిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ ఒక్క విషయంలో వాళ్లను చూసి అసూయ పడతాను.

ఆంక్షలు మనకు మేలే చేశాయని, అవి లేకపోతే మనం సొంతంగా చేసేవాళ్లం కాదని సన్మాన సభల్లో చెబుతుంటారు. నేను ఒప్పుకోను. 2010 ఏప్రిల్‌లో సొంత క్రయోజెనిక్ అంచెతో వెళ్లిన మొదటి జీఎస్ఎల్వీ సముద్రంలో పడింది. అదే ఏడాది డిసెంబర్‌లో మరొకటి పోయింది. 2013 ఆగస్టులో ఇంధనం లీకై ప్రయోగం గంటంపావు ముందు ఆగిపోయింది. 2014 జనవరి 5న గాని గెలవలేదు. అంటే ఒప్పందం కుదిరిన నాటి నుంచి ఇరవై మూడేళ్లు. ఈ లోగా మన బరువైన ఇన్సాట్‌లను ఫ్రెంచి గయానాలోని కౌరూకు విమానాల్లో మోసుకెళ్లి డబ్బు కట్టి పంపించుకున్నాం. ఒక తరం ఇంజనీర్ల యవ్వనం ఆ ఒక్క ఇంజనులో మండిపోయింది. దాన్ని మేలు అనడానికి నోరెలా వస్తుంది?

ఆంక్షలు పడిన 1992లోనే అమెరికాలో ఇంకో సంగతి జరిగింది. పెద్ద బుష్ మీద సొంత పార్టీలోనే పాట్రిక్ బుకానన్ పోటీకి దిగాడు. అమెరికా ఫస్ట్ అన్నది ఆయన నినాదం. లోకానికి కాపలా కాయడం మన పని కాదు, మన ఫ్యాక్టరీలు, మన సరిహద్దులు, మన చర్చి, ఇవి చూసుకుందాం అన్నాడు. ఓడిపోయాడు. ఆ ఆగస్టులో హ్యూస్టన్‌లో జరిగిన పార్టీ మహాసభలో మాట్లాడుతూ దేశంలో సంస్కృతి కోసం యుద్ధం సాగుతోందని చెప్పాడు. పాతికేళ్లు తిరగకుండా ట్రంప్ అదే నినాదంతో గెలిచాడు. మన పత్రికలు ట్రంప్‌ను ఊడిపడ్డ ఉల్కలా వర్ణించాయి గాని, ఆ పార్టీలో ఆ పాయ ఎప్పటి నుంచో పారుతోంది.

నన్నడిగితే లోకానికి నీతులు చెప్పే అమెరికా కంటే, నా ఇల్లే నాకు ముందు అని బాహాటంగా చెప్పే అమెరికాతోనే మనకు సుఖం. మొదటివాడు మన రాకెట్‌ను ఆపి ప్రపంచశాంతి కోసమంటాడు. రెండోవాడు బేరానికొస్తాడు. బేరానికొచ్చినవాడి దగ్గర మన చేతిలో ఏముందన్నదే లెక్క. 1998 మేలో వాజ్‌పేయి పోఖ్రాన్ పరీక్షలు జరిపితే మళ్లీ ఆంక్షలు పెట్టారు, ఇస్రోను నిషేధ జాబితాకెక్కించారు. ఆరేళ్లు తిరిగేసరికి చిన్న బుష్ ప్రభుత్వమే ఇస్రో ప్రధాన కార్యాలయాన్ని జాబితా నుంచి తీసింది. 2008 అక్టోబర్ 10న అణు ఒప్పందం మీద సంతకాలయ్యాయి. పన్నెండు రోజులకే శ్రీహరికోట నుంచి చంద్రయాన్-1 వెళ్తే అందులో రెండు అమెరికా పరికరాలున్నాయి. చంద్రుడి మీద నీటి జాడ చెప్పింది వాటిలో ఒకటి. 2011లో మిగిలిన ఇస్రో సంస్థలూ జాబితా నుంచి బయటపడ్డాయి. ఏ కట్టుబాటు పేరు చెప్పి మన ఇంజను ఆపారో అందులో 2016లో మనకే సభ్యత్వమిచ్చారు. ఈ మధ్యలో మనం శాంతి గురించి ఉపన్యాసాలేం ఇవ్వలేదు.

ఇక సంస్కృతి మాట. కాళంగి ఒడ్డున చెంగాళమ్మ గుడికి తలుపులుండవు, రాత్రింబగళ్లు అమ్మవారు దర్శనమిస్తుంది. 2023 జూలైలో చంద్రయాన్-3 ముందు అప్పటి ఇస్రో ఛైర్మన్ సోమనాథ్ ఆ తల్లికి మొక్కి వెళ్లారు. శాస్త్రవేత్తలు రాకెట్ నమూనా తీసుకుని తిరుమల వెళితే కొందరు మేధావులకు సైన్స్ మైలపడినట్టనిపించింది. అమెరికాను చూసి నేర్చుకోండని సలహాలిచ్చారు. సరే, చూద్దాం. 1968 క్రిస్మస్ ముందురోజు అపోలో-8 వ్యోమగాములు చంద్రుడి చుట్టూ తిరుగుతూ బైబిల్‌లోని సృష్టి అధ్యాయం చదివారు, లోకమంతా రేడియోల్లో, టీవీల్లో విన్నది. ఒక నాస్తికురాలు నాసా మీద కోర్టుకెక్కింది, కేసు నిలవలేదు. మరుసటి ఏడాది చంద్రుడి మీద దిగిన బజ్ ఆల్డ్రిన్ నేల మీద అడుగు పెట్టకముందే రొట్టె, ద్రాక్షసారాయంతో తన మతకర్మ చేసుకున్నాడు. దేవుణ్ని తలచుకున్నందుకు ఏ లెక్కా తప్పలేదు.

ఇదే నమ్మకం మనవైపు తిరిగినప్పుడు మాత్రం మనకు గుచ్చుకుంటుంది. హ్యూస్టన్ పక్కనే షుగర్‌ల్యాండ్‌లో అష్టలక్ష్మి ఆలయం ఉంది. చినజీయర్ స్వామి చేతుల మీదుగా 2024 ఆగస్టులో అక్కడ తొంభై అడుగుల హనుమంతుడు వెలిశాడు. 2025 సెప్టెంబర్‌లో సెనేట్ టికెట్ కోరుతున్న ఒక రిపబ్లికన్, ఇది క్రైస్తవ దేశం, ఈ విగ్రహం ఇక్కడెందుకని గొడవ చేశాడు. నాలాంటి సంప్రదాయవాదికి ఇది చిక్కు ప్రశ్నే. తిరుమలలో అన్యమత ప్రచారం కూడదని 2007లో మన ప్రభుత్వం చట్టం తెస్తే చప్పట్లు కొట్టినవాణ్ని నేను. మరి టెక్సాస్‌వాడిని ఏ నోటితో తప్పు పట్టాలి? ఆలోచిస్తే తేడా కాదు, పోలికే కనిపించింది. తిరుమలలో మనమడిగింది గుడి ఆవరణలో గుడి ధర్మం నడవాలని. షుగర్‌ల్యాండ్ హనుమంతుడు నిలబడిందీ గుడి ఆవరణలోనే, భక్తులు కొన్న స్థలంలోనే. ఎవరి మతం వారిదని 1791లో ఆ దేశం రాజ్యాంగంలో రాసుకుంది. పూర్వులు రాసిన ఆ మాటను కాపాడేవాడే అక్కడ సంప్రదాయవాది, ఆ పెద్దమనిషి కాదు. మన ఊళ్లో ఎవరో సొంత స్థలంలో ప్రార్థనామందిరం కట్టుకుంటే జెండాలతో వెళ్లేవాళ్లు కూడా ఈ కొలబద్దతోనే కొలుచుకోవాలి.

వీసాల విషయంలో మాత్రం నేను అమెరికా పక్షమే. 2024 నవంబర్‌లో జె.డి.వాన్స్ ఉపాధ్యక్షుడిగా గెలిస్తే ఉషా చిలుకూరి పూర్వీకుల ఊరు, తణుకు దగ్గర వడ్లూరు సంబరాలు చేసుకుంది. అల్లుడు గద్దెనెక్కాడు, ఇక వీసాలకు కొదవేముందన్నట్టు మాట్లాడారు మనవాళ్లు. 2025 సెప్టెంబర్‌లో కొత్త హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్లని ట్రంప్ ప్రకటించాడు. అల్లుడు అత్తవారి ఊరికి ఉపాధ్యక్షుడు కాడు కదా! అంతకుముందు 2018లో అమెరికాలో తెలుగు మాట్లాడేవాళ్లు ఏడేళ్లలో 86 శాతం పెరిగారన్న వార్త చదివి పొంగిపోయాం. ఆ లెక్క తీసింది సెంటర్ ఫర్ ఇమిగ్రేషన్ స్టడీస్, వలసలు తగ్గించాలని వాదించే సంస్థ. మనకు అభినందనలా వినిపించింది వాళ్లు కొట్టిన గంట.

ఇందులో అన్యాయమేముంది? 2019లో మన శాసనసభే పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకివ్వాలని చట్టం చేసింది. తడ పక్కన శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో బయటివాళ్లను పెట్టుకుంటున్నారని మన కుర్రాళ్లు గోల పెడితే అది హక్కు, ఒహాయోలో పని పోయినవాడు అదే గోల పెడితే జాతివివక్షా? అప్పటికే చట్టప్రకారం వెళ్లి పన్నులు కట్టుకుంటూ బతుకుతున్న పిల్లలను రాత్రికి రాత్రి హడలగొట్టడం మాత్రం మర్యాద కాదు. గేటు మూసుకునే హక్కుంది గాని, లోపలున్న అతిథి చెయ్యి నలిగేలా మూయకూడదు.

ఈ తీరానికి అసలు నొప్పి రొయ్యల దగ్గర. 2025 ఆగస్టు 27 నుంచి మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచారు. అందులో సగం రష్యా చమురు కొంటున్నామన్న కోపంతో వేసింది. 1992లో రష్యా ఇంజను, 2025లో రష్యా చమురు. మన శీతల రొయ్యకు అతి పెద్ద గిరాకీ అమెరికానే గనుక నెల్లూరు, తిరుపతి జిల్లాల చెరువుగట్ల మీద ఆ వారం నిద్రలేదు. అన్ని గుడ్లూ ఒకే బుట్టలో పెట్టింది మన ఎగుమతిదారులే. ఆ సెప్టెంబర్‌లో యూరప్ మన దేశంలోని మరో 102 చేపల, రొయ్యల ఎగుమతి యూనిట్లకు అనుమతినిచ్చింది. బ్రిటన్‌తో ఒప్పందం జూలైలోనే అయింది. అక్కడ పేచీ సుంకం దగ్గర కాదు, రొయ్యలో యాంటీబయాటిక్ మందు జాడ ఉందా లేదా అన్న దగ్గర. మేత దుకాణంలో అరువు మీద ఇచ్చిన మందును అడక్కుండా చెరువులో కలిపే రైతుకు ఆ సంగతి చెప్పేవాడు కావాలి. పట్టుబడికి ముందే పరీక్ష చేసిచ్చే ల్యాబు చెరువుకు దగ్గర్లో ఉండాలి. వచ్చే పంటలోగా మన ఎమ్మెల్యేలు కలెక్టర్ల దగ్గర కూర్చుని అడగాల్సిన పని ఇది. దీనికి వాషింగ్టన్ అనుమతి అక్కర్లేదు.