కళాభారతి వేరు, కళాక్షేత్రం వేరు

విశాఖలో కచేరీలు జరిగే కళాభారతి, గురజాడ కళాక్షేత్రం రెండూ ఒకే ప్రభుత్వ సంస్థవని మీ వ్యాసంలో రాయడం సరికాదు. పిఠాపురం కాలనీలోని కళాభారతి విశాఖపట్నం మ్యూజిక్ అండ్ డ్యాన్స్ అకాడమీది. సుసర్ల శంకరశాస్త్రి వంటి సంగీతాభిమానుల పట్టుదలతో వెలిసిన ఆ వేదికను సర్కారు ఖాతాలో వేయడం అన్యాయం. సిరిపురంలోని కళాక్షేత్రం మాత్రం ప్రభుత్వ పట్టణాభివృద్ధి సంస్థ వుడాది. 2018లో వుడాయే వీఎంఆర్‌డీఏ అయింది.

రెండు హాళ్లూ ఒకటేననుకునేలా చేసే ఈ పొరపాటు శ్రోతలను, ముఖ్యంగా బస్సులో వచ్చే పెద్దవారిని ఇబ్బంది పెడుతుంది. కళాభారతికి మద్దిలపాలెం దగ్గర, కళాక్షేత్రానికి సిరిపురంలో దిగాలి. సిరిపురంలోనే వీఎంఆర్‌డీఏ చిల్డ్రన్స్ ఎరీనా కూడా ఉంది కాబట్టి, కచేరీ ప్రకటనల్లో ‘సిరిపురం ఆడిటోరియం’ అని వేస్తే చాలదు, హాలు పూర్తి పేరు ఉండాలి.

— ఒక సంగీత శ్రోత, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం