నంది కొండ క్రింద ఊరు

యలహంకలో కాపురముండే వారికి నంది కొండను గూర్చి నేను కొత్తగా చెప్పవలసినది ఏముంటుంది? ఆదివారం తెల్లవారుజామున నాలుగు గంటలకు మన వీధుల గుండా ఉత్తరానికి పరుగెత్తే మోటారుసైకిళ్ళ రొదే చెబుతుంది. సూర్యోదయం చూడడం, మబ్బుల్లో నిలబడి ఫోటో తీయించుకోవడం, దారిలో ఇడ్లీలు తినడం, ఎండ ముదరక ముందే ఇల్లు చేరడం. ఇంతే ఆ యాత్ర. నేనూ చాలాసార్లు అట్లాగే వెళ్ళి అట్లాగే వచ్చినవాణ్ణి. ఆ కొండ క్రింద అదే పేరుతో ఒక చిన్న ఊరున్నదని మాత్రం, మా మేనత్త ఆ చుట్టుప్రక్కల కాపురముండబట్టి గాని, నాకూ పట్టేది కాదు.

మొన్న శివరాత్రి వెళ్ళిన వారానికి పిల్లలతో అత్తగారింటికి వెళ్ళాము. ఇక్కడికి సుమారు 40 కిలోమీటర్లు. దేవనహళ్ళి దాటగానే అవతి వస్తుంది. మన యలహంక ప్రభువుల మూలపురుషులు ఆ అవతికి వలస వచ్చిన వారేనని చెబుతారు. ఆ వంశపు కెంపేగౌడ పేరు మీద తెలుగులో ఒక యక్షగానం కూడా వున్నదని ఎరిగినవారు మనలో ఎందరు? అవతి దాటిన తరువాత కొండలు ఒక్కొక్కటే లేస్తాయి. నంది, బ్రహ్మగిరి, చెన్నగిరి, స్కందగిరి. అన్నీ బోడి నల్లరాతి కొండలే. వాటిలో నందిది 4,851 అడుగుల ఎత్తు.

ఊళ్ళో ముందుగా చూడవలసినది భోగనందీశ్వరుని గుడి. నొళంబ రాజు పేరూ, రాష్ట్రకూట మూడవ గోవిందుని పేరూ గల క్రీ.శ. 806 నాటి శాసనంలో ఈ గుడి ప్రస్తావన వున్నది. ఆ నొళంబుల రాజధాని మరెక్కడో కాదు, మన మడకశిర దగ్గరి హేమావతి. తరువాత బాణులు, గంగులు, చోళులు, హొయసలులు, విజయనగరం వారు, అందరూ తలా ఒక రాయి వేసినారు. అరుణాచలేశ్వరుడు శివుని బాల్యమనీ, భోగనందీశ్వరుడు యౌవనమనీ, కొండపైనున్న యోగనందీశ్వరుడు వైరాగ్యమనీ స్థానికుల మాట. అందుకనే పైన స్వామికి ఉత్సవాలు లేవు. సంబరమంతా క్రిందనే. శివరాత్రికి ఇక్కడ రథమూ, పశువుల సంతా జరగడం ఏనాటి నుంచో వున్నది. మేము పోయేసరికి సంత ముగిసింది. గడ్డిపరకలూ, పేడా, తెగిన పగ్గాలూ మిగిలినవి.

కోట కథ అందరికీ తెలిసినదే గనుక రెండు మాటల్లో ముగిస్తాను. చిక్కబళ్ళాపురం పాలెగాళ్ళ నుంచి హైదరాలీ చేతికి వచ్చింది. టిప్పు దాన్ని గట్టి చేశాడు. 1791 అక్టోబరు 19న కారన్‌వాలీసు సైన్యం ఎక్కి పట్టుకున్నది. ఆ తరువాత దొరలకు వేసవి విడిది అయినది. గాంధీగారు 1927లోనూ, మళ్ళీ 1936లోనూ ఆరోగ్యం కోసం కొండపై బస చేశారు. 1986లో సార్క్ దేశాధినేతలు వచ్చిపోయినారు. ఇంతమంది పెద్దలు పైకెక్కి దిగినారు గాని, క్రింది ఊరి పేరు చరిత్రలో పైకి రాలేదు.

నా మనస్సు చిక్కుకొన్నది మరొక దగ్గర.

ఆ సాయంత్రం మామతో చెరువుకట్ట మీదికి వెళ్ళాము. మామకు రెండెకరాల ద్రాక్షతోట. అక్కడ బోరు వెయ్యి అడుగులు దాటి రెండువందలు పోయినా తడి తగలక, అప్పు మిగిలిన సంగతి మా బంధువులందరికీ తెలుసు. ఇప్పుడు చెరువులో నీళ్ళున్నాయి. అలలు కొడుతున్నాయి. నేను సంతోషించి, "చూశావా మామా, నిండిందే!" అన్నాను.

ఆయన తువ్వాలు భుజాన సర్దుకొని, "మీరు వాడి పారేసిన నీళ్ళే మాకు పంపిస్తా వుండారంట గదప్పా," అన్నాడు.

కోపంగా అనలేదు. అందువల్లనే నాకు జవాబు తోచలేదు.

ఆయన అన్నది నిజమే. మన ప్రక్కనే వున్న హెబ్బాళ, నాగవార లోయల మురుగును రెండు దశల్లో శుద్ధి చేసి, పెద్ద గొట్టాల ద్వారా ఎత్తిపోసి చిక్కబళ్ళాపురం వైపు చెరువులు నింపే పథకమొకటి వున్నది. 65 చెరువులకు, రోజుకు 21 కోట్ల లీటర్లు అని లెక్క. కోలారు వైపు ఇటువంటిదే మరొకటి 2018లో మొదలయింది. ఊటలు పెరిగినవని కొందరు రైతులు సంతోషిస్తారు. మూడవ దశ శుద్ధి కూడా చేసి ఇవ్వండని మరికొందరు అడుగుతూనే వున్నారు.

ఇక ఈ కొండల దగ్గర నుంచి ఏమేమి పోయినదో చూడండి. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే ఇది అవుట్‌వర్డు రిజిస్టరు. చెన్నగిరి దగ్గర పుట్టిన ఉత్తర పినాకిని, అంటే మన పెన్న, గౌరీబిదనూరు, హిందూపురం మీదుగా పోయి, గండికోట రాళ్ళు కోసుకొని, నెల్లూరు వరిచేలు తడిపి, 597 కిలోమీటర్లు నడిచి సముద్రంలో కలుస్తుంది. చిత్రావతి బాగేపల్లి, పుట్టపర్తి మీదుగా పోయి ఆ పెన్నలోనే చేరుతుంది. దక్షిణ పినాకిని తమిళదేశానికి పోయి కడలూరు దగ్గర కలుస్తుంది. పాలారు ఇంకొంచెం తూర్పుగా పుట్టి చిత్తూరు సీమ మీదుగా వేలూరుకు పోతుంది. నెల్లూరులో బియ్యం కొలిచే వానికి నంది పేరు తెలియనక్కర లేదు. నీళ్ళు మాత్రం ఇక్కడివే.

అర్కావతి సంగతి మనకు మరీ దగ్గరిది. అదీ నంది దగ్గరనే పుట్టింది. దానికి హెసరఘట్టలో 1894లో ఆనకట్ట కట్టి బెంగుళూరుకు నీళ్ళు తెచ్చినారు. అది చాలక 1933లో తిప్పగొండనహళ్ళి జలాశయం వచ్చింది. 1974లో కావేరి నీళ్ళు వచ్చేదాకా బెంగుళూరు దాహం తీర్చినది ప్రధానంగా ఈ కొండవాలు నుంచి పారిన వాననీరే. మన తాతల కాలంలో నగరంలో కొళాయి తిప్పిన ప్రతివాడూ నంది నీళ్ళు త్రాగినవాడే.

తరువాత ఏమయింది? వాగుల నెత్తిన క్వారీలు లేచినవి. చేలల్లో నీలగిరి తోపులు పెరిగి లోతు తేమను పీల్చినవి. ఒకనికి నూరడుగుల్లో నీళ్ళు పడితే ప్రక్కవాడు రెండువందలు తవ్వినాడు, వాని ప్రక్కవాడు అయిదువందలు. మామ కూడా ఆ వరుసలోనివాడే. తప్పు తనది కూడా అని ఆయనే ఒప్పుకుంటాడు. చెరువుకు నీరు తెచ్చే కాలువలు ఇళ్ళ క్రిందికీ రోడ్ల క్రిందికీ పోయినవి. తిప్పగొండనహళ్ళి నుంచి నగరానికి నీళ్ళు తీయడం 2012లో ఆగిపోయింది. 2021 ఆగస్టులో ఒక్క రాత్రి వానకు కొండ చరియ విరిగి, పైకి పోయే రోడ్డే తెగిపోయినది. అంత వాన కురిసే చోటనే వేసవికి ట్యాంకరు కోసం బిందెలు వరుస పెట్టడం నేను కళ్ళారా చూశాను.

ఈ నంది ప్రక్కనే వున్న ముద్దేనహళ్ళిలో 1861లో పుట్టినవారు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు. వారి పూర్వీకులు గిద్దలూరు దగ్గరి మోక్షగుండం నుంచి వచ్చినవారు, ఇంటిపేరే సాక్ష్యం. మూసీ వరదల తరువాత హైదరాబాదుకు దారి చూపిన ఆ నీటి ఇంజనీరు పుట్టిన సీమ ఇట్లా ఎండింది. ఆయన సమాధి చూడడానికి వచ్చే బడిపిల్లలకు ఈ మాట కూడా చెప్పే ఉపాధ్యాయుడు వుంటే బాగుండును.

నా మట్టుకు, ఆ నీళ్ళు పంపడం తప్పనను. ఎండిన చెరువు కంటె నిండిన చెరువు మేలు. అయితే మంచినీళ్ళు తీసుకొని వాడిన నీళ్ళు ఇస్తున్నప్పుడు, ఇంకొక్క దశ శుద్ధి చేసి ఇమ్మని వాళ్ళు అడిగితే, ఖర్చు లెక్కలు చెప్పి దాటవేయడం మర్యాద కాదు. ఆ ఖర్చు నగరం వారు, అంటే మనమే, కొంత భరించవలసి వుంటుంది. నీళ్ళ బిల్లు పెరిగితే మొట్టమొదట సణిగేవాణ్ణి నేనే అయినా ఈ మాట వ్రాస్తున్నాను.

ఇంటికి వచ్చేసరికి అత్త తోటలోని నల్ల ద్రాక్ష ఒక తట్ట నిండా కడిగి పెట్టింది. పిల్లలు చేయి చాపినారు. చెరువు దగ్గర మామ మాట విన్న మా చిన్నమ్మాయి మాత్రం ఆగి, "అవ్వా, ఏ నీళ్ళతో కడిగినావు?" అని అడిగింది. నేను గదమాయించబోయాను. అత్త నవ్వి, గూట్లో వున్న ఇరవై లీటర్ల క్యాను చూపించింది.

"కొన్న నీళ్ళేనమ్మా. తిను."