ప్లగ్గునకు కులమేల?

విశాఖపట్టణము ఓడలకు రేవు, ఉక్కునకు పుట్టిల్లు. ఈ రెండు వృత్తులును లోకమునకు నేర్పిన పాఠ మొక్కటే. వేర్వేఱు చేతులు చేసిన వస్తువులు ఒకదానితో నొకటి పొసగవలెనన్నచో అందఱికిని కొలత యొకటి కావలెను. మన ఉక్కు కర్మాగారమున తయారైన 12 మిల్లీమీటర్ల ఊచను కొనునపుడు గాజువాక తాపీమేస్త్రి, ఇది మఱియొక కర్మాగారపు ఊచ ప్రక్కన ఇముడునా యని సందేహింపడు. 2003లో పని ప్రారంభించిన మన కంటైనరు టెర్మినలులో దిగు పెట్టె యే దేశపు ఓడమీద వచ్చినను, దాని నాలుగు మూలలు ఏ క్రేనునకైనను చిక్కును. ఇట్టి పట్టణమున నేడు ఇండ్ల గోడలయొద్ద జరుగుచున్న తమాషాను చూడగా మాకు నవ్వును వచ్చుచున్నది, కోపమును వచ్చుచున్నది.

ఎం.వి.పి. కాలనీలోనో మధురవాడలోనో ఒక మధ్యతరగతి కుటుంబమును తలచుకొనుడు. తండ్రికి విద్యుత్తుతో నడచు కారు; కుమారునకు ఒక కంపెనీ స్కూటరు; కోడలికి మఱియొక కంపెనీ స్కూటరు. ఇంటికి వచ్చు విద్యుత్తు ఒక్కటే, 230 వోల్టులు. బిల్లు వ్రాయు తూర్పు విద్యుత్పంపిణీ సంస్థ ఒక్కటే. చార్జింగునకు మాత్రము మూడు పెట్టెలు, మూడు త్రాళ్లు, మూడు తీరుల మూతులు! కుమారుని త్రాడు భార్య స్కూటరునకు పనికిరాదు. బండి మార్చిననాడు పెట్టెయు అటుకెక్కును. ఒక యింటిలోని బండ్లకే పంక్తిభోజనము లేకున్న, ఊరిలోని బండ్ల మాట చెప్పనేల?

కార్ల సంగతి ముందు చెప్పెదము. ఇందు అడ్డంకికన్న అజ్ఞానమే యెక్కువ. గోడకు తగిలించు పెట్టెను అందఱును చార్జరనుచున్నారు. నిజమున కది చార్జరు కాదు. ఇంటికి వచ్చునది ఏ.సి. విద్యుత్తు, బ్యాటరీ నిలువ చేసికొనునది డి.సి. విద్యుత్తు. ఆ మార్పు చేయు అసలు యంత్రము కారులోనే యున్నది. గోడపెట్టెది ద్వారపాలకుని పని. ఎర్తింగు సరిగా నున్నదా, విద్యుత్తు ఎక్కడనైన కాఱుచున్నదా యని చూచి, ఇన్ని ఆంపియర్లు తీసికొనవచ్చునని యొక సన్నని తీగద్వారా కారునకు తెలిపి, మీట వేయును. ఆ సంకేతభాష కంపెనీకొకటి కాదు. అది అంతర్జాతీయ ప్రమాణము. టాటా, మహీంద్రా, ఎం.జి., హ్యుండై, బి.వై.డి. కంపెనీలు నేడు మనదేశమున అమ్ము కార్లు ఇంటి చార్జింగునకు టైప్-2 అను ఏడుపిన్నుల ప్లగ్గునే గ్రహించుచున్నవి. 7.2 కిలోవాట్ల పెట్టెకు 3.3 కిలోవాట్లు మాత్రమే తీసికొను కారును తగిలించినను ప్రమాదము లేదు. కారు తనకు కావలసినంతయే పుచ్చుకొనును.

ఇట్లుండగా, “మా కారునకు మా పెట్టెయే” యని చెప్పు వర్తకుని మాటలో శాస్త్ర మెంత, వ్యాపార మెంత? కొన్ని పెట్టెలకు యాప్ అనియు కార్డు అనియు తాళములు వేయుచున్నారు. మూతి సరిపోయినను తాళము తీయనిదే విద్యుత్తు రాదు. సొమ్ము మనది, గోడ మనది, విద్యుత్తు మనది. తాళముచెవి మాత్రము ఎక్కడనో యున్న కంపెనీ యంత్రమునొద్ద నున్నది. ఆ కంపెనీ యొకనాడు దుకాణము కట్టివేసిన, మన గోడమీది పెట్టె యేమి కావలెను?

ఇక స్కూటర్లు. ఇచ్చట నున్నది నిజమైన అడ్డంకి. పెక్కు స్కూటర్లలో ఏ.సి.ని డి.సి.గా మార్చు యంత్రము బండి వెలుపలి పెట్టెలోనే యుండును. అది యా బండి బ్యాటరీ వోల్టేజికి తగినట్లు అమర్చబడును. కావున ఒకరి చార్జరును మఱియొకరి బండికి బలవంతముగా తగిలింపరాదు. ఈ మాట మేము ఒప్పుకొందుము. కాని యీ చిక్కునకు విఱుగుడు లేదా? ఉన్నది. బండియు చార్జరును ముందుగా మాటలాడుకొని, ఇన్ని వోల్టులు, ఇన్ని ఆంపియర్లు అని నిశ్చయించుకొను ఉమ్మడి ప్లగ్గు మనదేశముననే పుట్టినది. బెంగుళూరి ఏథర్ సంస్థ తాను కల్పించిన ప్లగ్గును ఇతరులును వాడుకొనుడని విడిచిపెట్టెను. హీరో సంస్థ తన విడా స్కూటర్లకు దానిని గ్రహించెను. 2023లో భారతీయ ప్రమాణముల సంస్థ దానికి ఐ.యస్. 17017, రెండవ భాగము, ఆఱవ విభాగమని ప్రమాణపు ముద్ర వేసెను. ఏ.సి.యు డి.సి.యు ఒక్క నోటనే గ్రహించు ఏర్పాటిది. ఏ కంపెనీని పొగడుటయు మా యుద్దేశము కాదు. స్వదేశమున పుట్టి, ప్రభుత్వ ముద్ర పొందిన ప్రమాణ ముండగా, తక్కిన పెద్ద కంపెనీలు తమ తమ మూతులను వదలకుండుట యేమి న్యాయమని మా ప్రశ్న. ప్రమాణము ప్రకటించుట వేఱు, దానిని శాసనముచే నిర్బంధించుట వేఱు. గ్రంథమున నున్న ప్రమాణము గోడమీదికి నడచి రాదు.

కంపెనీల ధర్మబుద్ధికే దీనిని విడిచిపెట్టుదమందురా? 2023లో జరిగినది పాఠకులు మఱచియుండరు. ప్రభుత్వ సహాయధనము పొందుటకు స్కూటరు ధరకు ఒక హద్దు ఉండెను. కంపెనీలు చార్జరునకు వేఱుగా వెల కట్టి, బండి ధరను హద్దులో నుంచినవి. ప్రభుత్వము నిలదీసిన మీదట ఓలా, ఏథర్, టి.వి.యస్., హీరో సంస్థలు చార్జరు సొమ్మును కొనినవారికి తిరిగి చెల్లించెదమని ప్రకటింపవలసి వచ్చెను. చార్జరు లేని బండి కళ్లెము లేని గుఱ్ఱము వంటిది. దానిని అదనపు వస్తువని లెక్క వ్రాయుట యెట్టిదో మేము చెప్పనక్కఱలేదు. ప్రమాణమును విడిచిపెట్టిన సంస్థ పేరును ఈ పట్టికలో నున్నదని మఱవరాదు. ఒకరు మంచి, ఒకరు చెడు అనుట కాదు. లాభము చూపు ద్రోవను వర్తకుడు పోవును. ద్రోవకు గట్టు కట్టవలసినది శాసనము.

ఒకే ప్రమాణమైన పరిశోధన కుంటుపడునని కొందఱు పండితులు వాదించుచున్నారు. కంటైనరు కొలతలు నిశ్చయమైనందున ఓడల నిర్మాణము ఆగినదా? బల్బుల పిడి యొక్కటే యైనందున ఎల్.ఇ.డి. దీపము రాక మానెనా? పరిశోధనకు బ్యాటరీ యున్నది, మోటారున్నది, బండి బరువున్నది. ప్లగ్గు బాట వంటిది. బండి మీది కావచ్చును, బాట అందఱిది.

బాటలు వేఱైన ఫలమేమో ఉత్తరాంధ్రమునకు తెలియును. 1900లో నౌపడానుండి పర్లాకిమిడికి వేసిన రైలుపట్టాల వెడల్పు రెండడుగుల ఆఱంగుళములు. నౌపడా మీదుగా పోవు పెద్దలైనుది అయిదడుగుల ఆఱంగుళములు. ఒక లైనునుండి మఱియొక లైనునకు పోవలసిన సరకు నంతయు నౌపడాలో దింపి మరల నెక్కింపవలెను. ఆ లైనున పెద్దపట్టాలమీద బండి నడచుట 2011 నాటికి గాని కాలేదు. ఆదిలో తెగని కొలత నూఱేండ్ల కూలి తినినది.

విదేశముల సంగతియు చూడుడు. ఐరోపా సమాఖ్య 2014లోనే బహిరంగ చార్జింగునకు టైప్-2ను శాసనమున వ్రాసినది. ఫోనులు మొదలగువానికి 2024 డిసెంబరునుండి ఒకే మూతిని నిర్బంధించినది. అమెరికా కంపెనీల ఇష్టమునకు విడిచినది; టెస్లా ప్లగ్గు వేఱు, తక్కినవారి ప్లగ్గు వేఱు. 2022 నవంబరులో టెస్లా తన ప్లగ్గును ఇతరులకు తెఱచెను. 2023లో ఫోర్డు, జనరల్ మోటార్సు దానిని అంగీకరించెను. అప్పటికి పదేండ్లు గడచినవి. మనమును 2017లో భారత్ ఏ.సి.-001, డి.సి.-001 అను ప్రమాణములు పెట్టుకొని, కొలది యేండ్లకే కార్ల విషయమున వానిని దాటి పోయితిమి. మరల స్కూటర్ల విషయమున ఈ ముచ్చట జరుగవలెనా?

మేము కోరునవి నాలుగు. ఇకమీద తయారగు స్కూటర్లన్నిటికిని ఉమ్మడి ప్లగ్గును గడువు పెట్టి శాసనముచే నిర్బంధింపవలెను. గోడపెట్టెను కారుతో బలవంతముగా అంటగట్టరాదు. పెట్టె యే ప్రమాణమునకు చెందినదో, ఎన్ని కిలోవాట్లదో, ఏ యితర బండ్లకు పనికివచ్చునో బిల్లుమీద తెలుగున ముద్రింపవలెను. యాప్ పనిచేయకున్నను, కంపెనీ మూతపడినను, యజమాని చేతి మీటతో పెట్టె పనిచేయవలెను.

మన కర్తవ్యమును గలదు. కొత్త కట్టడములలో వాహనములు నిలుపు చోటున 20 శాతమునకు చార్జింగు వసతి యుండవలెనని 2019లో కేంద్ర ప్రభుత్వము నమూనా నిబంధనలలో చేర్చినది. అపార్టుమెంటు సంఘములు ఆ చోట ఏ కంపెనీ పెట్టెయు తామై బిగింపక, మంచి ఎర్తింగు, సముద్రపుగాలి ఉప్పునకు చెడని మూత గల 16 ఆంపియర్ల సాకెట్లను, టైప్-2 పెట్టెలను ఉమ్మడిగా పెట్టుకొనవలెను. బండి కొనబోవు ప్రతివాడును దుకాణమున మొదట ధర యడుగక, “ఈ ప్లగ్గు నా పొరుగువాని బండికి తగులునా?” అని యడుగవలెను. వేయిమంది ఆ ప్రశ్న యడిగి, సరియైన జవాబు రాక వెనుదిరిగిననాడు కంపెనీల మూతులు వానంతట అవియే ఒక్కటగును. “విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు” అని 1966లో నినదించి కర్మాగారమును సాధించుకొనిన ప్రజలకు, తమ యింటి గోడమీది ప్లగ్గు తమ హక్కని చెప్పుట అసాధ్యము కాదు.