ఇల్లు అమ్మినా పన్ను వదలదా?

బిడ్డ పెండ్లికో, కొడుకు చదువుకో, నెత్తి మీది అప్పు తీర్చడానికో ఒక చిన్న ఉద్యోగి ఇల్లు అమ్ముకుంటాడు. ముప్పై ఏండ్ల జీతంలోంచి రూపాయి రూపాయి కూడబెట్టి కట్టుకున్న ఇల్లు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో సంతకం చేసి, వేలిముద్ర వేసి, తాళపు చెవులు కొన్నవాళ్ల చేతిలో పెట్టి, కండ్లు తుడుచుకొని కిరాయి ఇంటికి పోతాడు. నాలుగేండ్ల తర్వాత ఆయన ఫోనుకు సందేశం వస్తుంది. ఇంటి పన్ను బకాయి ఇంత, వడ్డీ ఇంత, కట్టకపోతే జప్తు. ఏ ఇంటికి? తాను ఎన్నడో అమ్మిన ఇంటికి!

అదే రోజు ఆ ఇల్లు కొన్నాయన గుమ్మం ముందు బిల్ కలెక్టర్ నిలబడతాడు. ఆయన చేతిలోనూ బకాయి కాగితమే. అందులో తాను కొనకముందటి సంవత్సరాలు కూడా ఉంటాయి. అమ్మినాయన "నేను అమ్మేసిన" అంటాడు. కొన్నాయన "నేను కొనకముందుది నాకెందుకు" అంటాడు. నిన్నటిదాకా చాయ్ తాగి మాట్లాడుకున్న ఇద్దరు ఇవ్వాళ ఒకరి మొఖం ఒకరు చూసుకోరు. మున్సిపల్ దఫ్తర్ మాత్రం నిమ్మళంగా ఉంటుంది. దానికి ఎవరు కట్టినా ఒకటే.

ఇది ఒక్కరి కథ కాదు. హైదరాబాద్ చుట్టూ ఉన్న కాలనీల్లో ఇల్లు అమ్మిన, కొన్న ఉద్యోగుల్ని అడిగితే ఇట్లాంటివి చాలా వినిపిస్తాయి. ఇది ఇద్దరు మనుషుల మధ్య తగాదాగా కనిపిస్తుంది గాని, నిజానికి సర్కారు రెండు దఫ్తర్ల మధ్య గోడ కట్టి, ఆ గోడ కూలే బరువును జనం నెత్తిన వేసిన తగాదా.

చట్టం ఏమంటున్నది? 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ చాలా స్పష్టంగా ఉంది. అమ్మకం తేదీ వరకు ఆ ఆస్తి మీద పడిన పన్నులు అమ్మినవాడివి. యాజమాన్యం మారిన నాటి నుండి పడేవి కొన్నవాడివి. ఒప్పందంలో వేరే రాసుకుంటే తప్ప ఇదే లెక్క. చదువురాని మనిషికి కూడా ఇది న్యాయమే అనిపిస్తుంది. మరి తగాదా ఎక్కడిది?

తగాదా మున్సిపల్ చట్టంలో ఉంది. హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం 1955లో, ఇంకా హైదరాబాద్ రాష్ట్రం ఉన్నప్పుడు పుట్టింది. అందులోని ఒక నిబంధన ప్రకారం ఇల్లు చేతులు మారితే అమ్మినవాడు, కొన్నవాడు ఇద్దరూ మూడు నెలల్లోగా కమిషనర్‌కు రాతపూర్వకంగా తెలపాలి. తెలపకపోతే? అమ్మినవాడి మీద పన్ను బాధ్యత అట్లనే కొనసాగుతుంది. అంతటితో ఆగలేదు. అమ్మినవాడు బాధ్యుడైనంత మాత్రాన కొన్నవాడి బాధ్యత తగ్గదని కూడా రాసిపెట్టారు. అంటే ఒకే పన్నుకు ఇద్దరు దొరుకుతారు. పైగా ఇంటి పన్ను బకాయికి ఆ ఇంటి మీదే మొదటి హక్కు ఉంటుంది. మనిషి దొరకకపోతే ఇల్లు ఎట్లాగూ దొరుకుతుంది.

ఈ నిబంధన మనదగ్గర పుట్టింది కూడా కాదు. 1888 నాటి బొంబాయి మున్సిపల్ చట్టంలో ఇదే ఉంది. ఆనాడు కార్పొరేషన్‌కు ఎవరి ఇల్లు ఎవరికి పోయిందో తెలిసే దారి లేదు. కాబట్టి చెప్పే బాధ్యత జనం మీద పెట్టారు. తెల్లదొరల కాలంలో దానికి ఒక అర్థం ఉందనుకుందాం. హైదరాబాద్ రాష్ట్రం పోయి 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చింది. 2014లో తెలంగాణ వచ్చింది. పాలకులు మారిండ్రు, బోర్డులు మారినయి, చేతిరాత రిజిస్టర్లు పోయి కంప్యూటర్లు వచ్చినయి. "మాకు తెలియదు, నువ్వే వచ్చి చెప్పాలె" అనే మాట మాత్రం మారలేదు.

నిజంగానే వాళ్లకు తెలియదా? ఇక్కడే అసలు గుట్టు ఉంది. తెలంగాణలో 2021 జూలైలో సవరించిన రేట్ల ప్రకారం ఇల్లు అమ్మకం దస్తావేజు మీద మొత్తం 7.5 శాతం వసూలు చేస్తారు. స్టాంపు డ్యూటీ 5.5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5. ఇందులో ట్రాన్స్‌ఫర్ డ్యూటీ అనేది స్థానిక సంస్థల పేరు మీద వసూలయ్యే సొమ్ము. 40 లక్షల ఇల్లు రిజిస్ట్రేషన్ అయితే 3 లక్షలు సర్కారుకు పోతాయి. అందులో 60 వేలు స్థానిక సంస్థ వాటా కింద వసూలు చేసినవే. ఇల్లు అమ్ముడుపోయినందుకే ఆ సొమ్ము వస్తుంది. పైసలు పుచ్చుకునేటప్పుడు అమ్మకం తెలుస్తుంది, పన్ను పుస్తకంలో పేరు మార్చేటప్పుడు తెలియదు! ఇంతకంటే విడ్డూరం ఉంటుందా?

2020 చివరి నుండి రిజిస్ట్రేషన్‌తోపాటే పేరు మారే పద్ధతి తెచ్చామని సర్కారు చెబుతున్నది. మంచిదే. ఎవరు చేసినా మంచిని మంచి అనాలి. కాని అది ఆ తర్వాతి అమ్మకాలకే అక్కరకొస్తుంది. అంతకు ముందు అమ్మిన ఇండ్ల సంగతేమిటి? 2007 ఏప్రిల్‌లో పాత నగరపాలక సంస్థలో 12 మున్సిపాలిటీలను, 8 గ్రామ పంచాయతీలను కలిపి గ్రేటర్‌ను చేసినప్పుడు మల్కాజిగిరి, ఉప్పల్, ఎల్బీనగర్, కూకట్‌పల్లి పుస్తకాలన్నీ ఒక్కచోటికి వచ్చినయి. ఏ పుస్తకంలో ఏ పేరుంటే ఆ పేరే కొత్త లెక్కలోకి ఎక్కింది. 2025 డిసెంబరులో చుట్టుపక్కల మరో 27 పురపాలికలను కలిపారు. పుస్తకాలు మళ్లీ కదిలినయి. సరిదిద్దకుండా కదిలించిన తప్పు కొత్త చోట కూడా తప్పే.

జీపీఏల మీద చేతులు మారిన ఇండ్లది ఇంకో గోస. జీపీఏ అమ్మకం అమ్మకమే కాదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చింది. అట్లా కొన్నవాళ్లు ఇంట్లో ఉంటారు, పన్ను పాత యజమాని పేరు మీద పెరుగుతూ ఉంటుంది. చట్టం దృష్టిలో ఆయన ఇల్లు అమ్మనే లేదు.

ఇంకొక మాట. పేరు మారడం వేరు, బకాయి తేలడం వేరు. కంప్యూటర్‌లో కొత్త పేరు ఎక్కినా పాత బకాయి ఆ ఇంటి నంబరు మీదనే కూర్చుంటుంది. కొనేముందు అందరూ ఈసీ తీస్తారు. కాని ఈసీలో రిజిస్టరైన దస్తావేజులు కనిపిస్తాయి గాని ఇంటి పన్ను బకాయి కనిపించదు. ఈసీ శుభ్రంగా ఉందని సంబరపడి కొన్నవాళ్లే తర్వాత నెత్తి పట్టుకుంటున్నారు.

ఆ బకాయి ఎట్లా పెరుగుతుందో కూడా చూడాలి. ఆలస్యానికి నెలకు 2 శాతం వడ్డీ. అంటే ఏడాదికి 24 శాతం. పది వేల బకాయి ఉంటే ఏడాదికి 2,400. ఐదేండ్లలో వడ్డీయే 12 వేలయి అసలును దాటిపోతుంది. తన తప్పు లేకున్నా పరువుకు భయపడి అమ్మినాయన మొత్తం కట్టేస్తాడు. ఇటు సర్కారు 2020లో, 2022లో, 2024లో ఒకేసారి చెల్లింపు పథకాలు పెట్టి వడ్డీలో 90 శాతం మాఫీ చేసింది. ఆగి చూసినవాడికి ఆ 12 వేల వడ్డీ 1,200 అవుతుంది. భయపడి ముందే కట్టిన పింఛనుదారుడికి ఏం మిగిలింది? నిజాయితీకి జరిమానా, మొండితనానికి బహుమానమా?

కోర్టులు ఏమన్నాయో కూడా జనానికి తెలియాలి. అహ్మదాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు 1971లోనే ఒక ముఖ్యమైన మాట చెప్పింది. వేలంలో ఇల్లు కొన్న ఒకాయన మీద పాత యజమాని పన్ను బకాయి రుద్దబోతే, బకాయి సంగతి తెలియకుండా సొమ్ము పెట్టి కొన్నవాడి ఇంటిని పట్టుకోవడానికి వీల్లేదని, చట్టంలో స్పష్టంగా రాసి ఉంటే తప్ప అట్లా చేయకూడదని తీర్పునిచ్చింది. బకాయి ఉందని కొనేవాడికి తెలిసే ఉంటుందిలే అని ఊహించుకోవడం కుదరదన్నది. అయితే ప్రతి కేసులో ఇదే రక్ష అనుకోవద్దు. బకాయి గురించి తెలిసి కొన్నారా, విచారించి తెలుసుకునే అవకాశం ఉండిందా అనేది కేసు కేసుకు మారుతుంది. పాత బకాయి కట్టక తప్పనివాళ్లకు ఇంకో దారి ఉంది. ఇంకొకరు చట్టప్రకారం కట్టాల్సింది తన ఇంటిని కాపాడుకోవడానికి తాను కట్టినవాడు, దాన్ని వాళ్ల నుండి రాబట్టుకోవచ్చని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 69వ సెక్షన్ చెబుతుంది. కాని ఐదారు వేల కోసం కోర్టు మెట్లు ఎక్కేదెవరు? వకీలు ఫీజే అంతకంటే ఎక్కువ. దఫ్తర్ ధైర్యమంతా అదే.

అందుకే అడగాల్సింది ఒకరినొకరు కాదు, దఫ్తర్‌ను. మొదటిది, రిజిస్ట్రేషన్ రోజే ఆ తేదీ వరకు పన్ను లెక్క తేల్చి దస్తావేజుకు జత చేయాలి. బకాయి ఉంటే అమ్మినవాడి సొమ్ములోంచి అక్కడే కట్టించుకోవాలి. రెండవది, రిజిస్టరైన దస్తావేజు నకలు చూపిస్తే చాలు, పాత అమ్మకాలకు కూడా అమ్మిన తేదీ నుండే అమ్మినవాడి పేరు తీసేయాలి. వడ్డీ ఆయన మీద వేయకూడదు. మూడవది, రెండు దఫ్తర్లు ఒకే సర్కారువి అయినప్పుడు "మాకు తెలపలేదు" అనే సాకు చెల్లదని చట్టాన్నే సవరించాలి. ఇవేవీ కోట్లు ఖర్చయ్యే పనులు కావు. మనసుంటే అయ్యే పనులు.

అప్పటిదాకా మన జాగ్రత్తలో మనముండాలి. అమ్మేవాళ్లు ఇంటి నంబరు మీద బకాయి లేదన్న కాగితం తీసి ఒక నకలు కొనేవాళ్లకు ఇచ్చి, ఒకటి దగ్గర పెట్టుకోవాలి. ఏ తేదీ వరకు పన్ను ఎవరిదో ఒప్పందంలో రాయించాలి. నల్లా బిల్లు, కరెంటు బిల్లు సంగతీ అందులోనే తేల్చుకోవాలి. దస్తావేజు నకలుతో ఇద్దరూ కలిసి దఫ్తర్‌కు అర్జీ ఇచ్చి, ముద్ర వేసిన రసీదు తీసుకోవాలి. నోటి మాట మీద తిరిగి రావద్దు. తర్వాతి అర్ధ సంవత్సరం డిమాండు ఎవరి పేరు మీద వచ్చిందో ఒక్కసారి చూసుకోవాలి. అర్జీ మూలకు పడితే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. 30 రోజుల్లో జవాబు చెప్పి తీరాలి. ఆ దరఖాస్తు రాసిపెట్టే పని కాలనీలోని విద్యార్థులు చేయగలరు. ఉద్యోగ సంఘాలు రిటైరైన తమవాళ్ల కాగితాలన్నీ ఒక్కచోట చేర్చి ఒక్కసారే దఫ్తర్ ముందు పెట్టగలవు. ఒక్కడు పోతే "రేపు రా" అంటారు. వందమంది పోతే కుర్చీ వేస్తారు.

ఇల్లు అమ్ముకున్న మనిషి అప్పటికే ఒకసారి ఓడిపోయి ఉంటాడు. తన చేతిలో లేని తాళానికి, తాను దాటని గడపకు ఆయనతో పన్ను కట్టించడం రెండోసారి ఓడించడమే. అమ్మకంలో వాటా తీసుకున్న దఫ్తర్‌కు ఆ అమ్మకాన్ని తన పుస్తకంలో రాసుకునే బాధ్యత కూడా ఉంది. అది రాసుకునేదాకా అడుగుతూనే ఉందాం.