పరిగె ఒక్కటే చాలదు

రూతు గ్రంథం మీద మన సంఘాల్లో వినిపించే ప్రసంగాలు దాదాపుగా రెండో అధ్యాయం దగ్గరే ఆగిపోతాయి. అత్త నయోమి వెంట బేత్లెహేముకు వచ్చిన మోయాబీయురాలు చేలో పరిగె ఏరుకోవడం, బోయజు ఆమెను దయతో చూడడం, పనివాళ్లతో చెప్పి కావాలనే కొన్ని పిడికిళ్లు జారవిడిపించడం మనకందరికీ కంఠతా వచ్చు. నాలుగో అధ్యాయానికి వచ్చేసరికి పెళ్లి మాట చెప్పి, దావీదు వంశావళి చదివి ముగించేస్తాం. మధ్యలో జరిగిన సంగతిని దాటేస్తాం. బోయజు పురద్వారం దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు. ఊరి పెద్దల్లో పదిమందిని పిలిచి కూర్చోబెట్టాడు. చనిపోయిన ఎలీమెలెకు పొలం ఎవరికి చెందాలో, ఆ ఇంటి ఆడవాళ్ల బాధ్యత ఎవరిదో సాక్షుల ఎదుట తేల్పించాడు. చెప్పు తీసి చేతికివ్వడం ఆనాటి రిజిస్ట్రేషన్. అంటే రూతుకు దొరికింది యవల మూట మాత్రమే కాదు, కోర్టు తీర్పు కూడా.

ఈ రెండింటినీ దేవుడు విడదీయలేదు. ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం తెరిచి చూడండి. పరదేశికీ, తండ్రిలేని వాడికీ న్యాయం తప్పించవద్దని, విధవరాలి వస్త్రాన్ని తాకట్టు పట్టవద్దని 17వ వచనం. పొలంలో మరచిపోయిన పనను వాళ్లకే వదిలిపెట్టమని 19వ వచనం. నడుమ ఒక్క వచనమే ఎడం. ఐగుప్తులో మీరు కూడా దాసులేనని గుర్తుచేసే వచనం అది.

ఇంగ్లండు గ్రామీణ చరిత్ర చదువుతుంటే మాకు మాటిమాటికీ రూతు గుర్తుకు వస్తుంది. ఆ దేశంలో 1601 నాటి చట్టం ప్రకారం ప్రతి సంఘ పరిధీ, అంటే ఒక గుడి చుట్టూ ఉన్న పల్లె, తన పేదలను తానే పోషించుకోవాలి. భూమి ఉన్నవాళ్ల దగ్గర పన్ను వసూలు చేసి వితంతువులకు, ముసలివాళ్లకు, తల్లిదండ్రులు లేని పిల్లలకు పంచాలి. లెక్కలు చూసేది గుడి పెద్దలూ, పేదల పర్యవేక్షకులూ. వాళ్లపైన స్థానిక న్యాయాధికారి ఉంటాడు. మామూలుగా ఆయన ఆ చుట్టుపక్కల పెద్ద భూస్వామే. కానీ పర్యవేక్షకుడు పొమ్మంటే ఆ పేదరాలు వెళ్లి ఆ న్యాయాధికారికి మొర పెట్టుకోవచ్చు. వారానికి ఇన్ని షిల్లింగులు ఇవ్వమని ఆయన ఉత్తర్వు రాయవచ్చు. పద్దెనిమిదో శతాబ్దంలో అలా రాసిన ఉత్తర్వులు లెక్కలేనన్ని. ఆ సంగతిని మెచ్చుకోకుండా ఉండలేం.

రెండో వైపు కూడా చూడాలి. 1662లో వచ్చిన చట్టం ప్రకారం, ఊరికి కొత్తగా వచ్చిన పేదవాడు రేపు భారమవుతాడేమో అన్న అనుమానం చాలు, నలభై రోజుల్లోపు ఫిర్యాదు చేస్తే ఇద్దరు న్యాయాధికారులు సంతకం పెట్టి వెనక్కి పంపేయవచ్చు. పుట్టే బిడ్డ తమ లెక్కలోకి వస్తుందన్న భయంతో నిండు చూలాళ్లను పొలిమేర దాటించిన ఉదంతాలు ఆనాటి రికార్డుల్లో ఉన్నాయి. 1697 చట్టంతో, సహాయం పుచ్చుకునేవాళ్లు కుడి భుజం మీద గుడ్డతో కుట్టిన అక్షరం ధరించాలన్నారు. ‘పేద’ అన్న మాటకు గుర్తుగా ఒక అక్షరం, ఊరి పేరుకు గుర్తుగా మరొకటి. వీళ్లంతా ఆదివారం గుడిలో రూతు కథ విన్నవాళ్లే! ఆ చట్టం బేత్లెహేములో ఉండి ఉంటే మోయాబీయురాలు కోతకాలం ముగియకముందే యొర్దాను దాటి వెనక్కి వెళ్లాల్సి వచ్చేది.

పరిగె మీద కూడా అక్కడొక తీర్పు వచ్చింది. సఫోక్ ప్రాంతంలోని టిమ్‌వర్త్ అనే పల్లెలో మేరీ హౌటన్ అనే ఆమె కోత అయిన చేలో పరిగె ఏరిందని భూయజమాని జేమ్స్ స్టీల్ దావా వేశాడు. పేదలు పరిగె ఏరుకోవడం దేశాచారమని గొప్ప న్యాయపండితుడు బ్లాక్‌స్టోన్ అప్పటికే రాసి ఉన్నాడు. ఆమె తరఫున మోషే ధర్మశాస్త్రాన్ని కూడా చూపించారు. 1788లో తీర్పు వచ్చింది. మోషే ధర్మశాస్త్రం మన కోర్టులను బంధించదు, పరిగె ఏరుకోవడం ఎవరి హక్కూ కాదు అన్నారు. ఆ న్యాయమూర్తుల్లో గూల్డ్ అనే ఒక్కాయన మాత్రం ఒప్పుకోలేదు. అయినా పల్లెల్లో ఆడవాళ్లు చేలల్లోకి వెళ్లడం మానలేదు, అది వేరే సంగతి. కానీ నిన్నటిదాకా హక్కుగా ఉన్నది ఆనాటి నుంచి యజమాని దయ అయింది.

మన వైపు వద్దాం. మన చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. అంతకుముందు తిరుపతి, చంద్రగిరి, చిత్తూరు ఉత్తర ఆర్కాటులోనూ, మదనపల్లె, వాయల్పాడు కడప జిల్లాలోనూ ఉండేవి. కుంపిణీ ప్రభుత్వం 1816లో గ్రామ మునసబుకు పది రూపాయల లోపు వ్యాజ్యాలు విచారించే అధికారం ఇచ్చింది. థామస్ మన్రో ఆలోచన అది. పల్లెటూరివాడు చిన్న తగాదాకు జిల్లా కోర్టు దాకా నడవకూడదని ఆయన ఉద్దేశం. మంచి ఉద్దేశమే. అయితే అదే సంవత్సరం వచ్చిన మరో నిబంధనలో చిన్నాచితకా నేరాలకు గ్రామాధికారి వేయగల శిక్షలు రాశారు. మామూలు జనానికైతే కొన్ని గంటలు చావడిలో నిర్బంధం. తక్కువ కులాలవాళ్లనుకున్న వాళ్లకైతే ఆరు గంటల దాకా బొండ. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో ఫిలిప్పీ చెరసాల నాయకుడు పౌలు సీలల కాళ్లకు బిగించిన బొండ లాంటిదే అది. మన సంఘాల్లో చాలామంది తాతముత్తాతలకు న్యాయస్థానం మొదట పరిచయమైంది ఆ కొయ్య రూపంలోనే. ‘కోర్టు మెట్లెక్కొద్దు’ అని మన ఇళ్లలో పెద్దలు పిల్లలకు చెప్పే మాట వెనక అలాంటి జ్ఞాపకాలు కూడా ఉన్నాయని మా నమ్మకం.

ధాత కరువు, అంటే 1876-78 నాటి మహా కరువు, లక్షల ప్రాణాలు తీసింది. పేదలకు పోషణ హక్కని రెండు వందల డెబ్బై అయిదేళ్ల కిందటే చట్టం చేసిన దేశమే ఇక్కడ అధికారంలో ఉంది. ఆ ప్రభుత్వం పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ కూలి తగ్గించమన్నాడు. మట్టి మోసే మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, దానికి తోడు కొద్దిపాటి డబ్బు. మద్రాసు ఆరోగ్యశాఖ అధికారి డాక్టర్ కార్నిష్ అది మనిషి బతకడానికి చాలదని పోట్లాడితే కొన్ని నెలల తర్వాత కొంత పెంచారు. కరువు తగ్గాక కూర్చున్న కమిషన్ 1880లో ఏం రాసిందో తెలుసా? కరువులో ప్రజలను కాపాడడం ప్రభుత్వ విధే. అయితే సహాయం అడిగే హక్కు తమకుందని పేదలు అనుకుంటే, రేపు మంచి కాలంలో కూడా అడుగుతారట! అది తలచుకుంటేనే వాళ్లకు ఆందోళన కలిగిందట.

అదే కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వించే కాంట్రాక్టు తీసుకున్నాడు. బయటి మేస్త్రీల తిట్లూ దెబ్బలూ లేకుండా జనానికి కూలి దొరకాలని. కరువు ఉన్నంతకాలం మాత్రం బాప్తిస్మాలు ఇవ్వలేదు. గింజల కోసం వచ్చారన్న మాట వాళ్ల మీద పడకూడదని. ఆ తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను మనం గర్వంగా చెప్పుకుంటాం. దానికి ముందు తలుపు మూసి ఉంచిన నెలల గురించి మాట్లాడుకోం. మా దృష్టిలో ఆయన చేసిన గొప్ప పని అదే. అన్నం పెట్టే చెయ్యి దానికి బదులు ఏమీ అడగలేదు, మారుమనస్సు కూడా.

ఇక మా సంఘం సంగతి. ఆ ఊరు, ఆ మనిషి ఎవరన్నది చెప్పం. పడమటి మండలాల్లో చెనిక్కాయ పండే పల్లె అని మాత్రం చెప్తాం. ఆమె భర్త చిన్న వయసులోనే పోయాడు. ఇద్దరు పిల్లలు. అన్నదమ్ములు పంచుకున్నాక భర్త వంతుకు వచ్చిన మెట్ట ఎకరన్నర. ఆయన పోయిన ఏడాదికే ఆ చేను బావగారి సాగులోకి వెళ్లింది. బావగారు మా సంఘంలో పెద్ద, కానుకలు లెక్కపెట్టే మనిషి. ఆమె మా దగ్గరికి వచ్చి చెప్పుకుంది. మేము ప్రార్థన చేశాం. విశ్వాసులు ఒకరిమీద ఒకరు అన్యజనుల ముందు వ్యాజ్యమాడకూడదని మొదటి కొరింథీ 6వ అధ్యాయం చూపించాం. క్రిస్మస్‌కు పేదల నిధి నుంచి పాతిక కిలోల బియ్యం, ఒక చీర ఇచ్చాం. ఇచ్చేటప్పుడు వరుసగా నిలబెట్టి ఫొటో తీశాం. ఆ ఫొటోలో బియ్యం మూటకు ఒక వైపు చెయ్యి వేసి నవ్వుతున్నది ఆ బావగారే.

మూడేళ్లు ఇలాగే జరిగింది. నాలుగో ఏడు పేరు పిలిస్తే ఆమె ముందుకు రాలేదు. ఆరాధన ముగిశాక గుమ్మం దగ్గర నిలబడి అంది: “నాకు బియ్యం వొద్దయ్యగారూ. ఆ ఎకరన్నర ఇప్పియ్యండి. అది ఉంటే కోత పండక్కి నేనే మూట చెనిక్కాయలు గుడికి తెచ్చిస్తా.”

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఆ మూడు మూటల బియ్యం ఆమె ఆకలి కంటే మా భయానికే ఎక్కువ పనికొచ్చిందని అప్పుడు తెలిసింది. బియ్యం ఇస్తున్నంత కాలం చేను సంగతి మేము మాట్లాడనక్కర్లేదు. కానుకలు తగ్గవు, కమిటీలో గొడవ రాదు. వేదాంత కళాశాలలో హెబ్రీ చదివాం, గ్రీకు చదివాం. క్రైస్తవుడు వీలునామా రాయకుండా చనిపోతే 1925 నాటి భారత వారసత్వ చట్టం ఏం చెబుతుందో మాత్రం యాభై దాటేదాకా చదవలేదు. పిల్లలున్న విధవరాలికి మూడో వంతు, మిగతా రెండు వంతులు పిల్లలకు. అన్నదమ్ములకు అందులో గింజ కూడా లేదు.

కొరింథీ పత్రిక కూడా మళ్లీ చదివాం. పౌలు అక్కడ కోర్టు వద్దని మాత్రమే అనలేదు. మీలో తీర్పు తీర్చగల బుద్ధిమంతుడు ఒక్కడైనా లేడా అని నిలదీశాడు. మనం ఆ ప్రశ్న వదిలేసి, అన్యాయం సహించండన్న మాట మాత్రం పట్టుకున్నాం. అది కూడా చేను పోయినవాళ్లకే చెప్తాం, చేను కాజేసినవాళ్లకు చెప్పం. ఆ పౌలే ఫిలిప్పీలో బొండ విప్పిన మరునాడు, అధికారులే స్వయంగా వచ్చి మమ్మల్ని బయటికి తీసుకువెళ్లాలి అన్నాడు. కైసరయలో చక్రవర్తికి చెప్పుకుంటానన్నాడు. దేవుడిచ్చిన కోర్టులను వాడుకోవడం అవిశ్వాసం అని ఆయన అనుకోలేదు.

హక్కుకూ దయకూ తేడా మన జిల్లాల్లో పేదలకు మనకంటే బాగా తెలుసు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం 2006 ఫిబ్రవరి 2న మన పక్క అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. అడిగిన పదిహేను రోజుల్లో పని ఇవ్వాలి, లేకుంటే భృతి ఇవ్వాలి అని అందులో రాశారు. 1880లో ఆ కమిషన్ దేనికి భయపడిందో సరిగ్గా అదే. అమలులో ఎన్ని లోపాలున్నా ఆ రోజుల్లో కూలి అడగడానికి వెళ్లిన ఆడవాళ్లు తలెత్తుకుని వెళ్లడం మేము చూశాం. అదే ఆడవాళ్లు మన గుడిలో బియ్యం తీసుకునేటప్పుడు తల దించుకుంటారు. ఇంగ్లండులో భుజం మీద కుట్టిన గుడ్డకూ మన ఫొటోకూ ఎంత దూరం?

మా సంఘంలో ఆ ఫొటోలు మానేశాం. పేదల నిధి బియ్యం ఇప్పుడు రాత్రిపూట ఇంటికే వెళ్తుంది. అది తేలిక పని. కష్టమైనది రెండోది. ఆమెకు తోడుగా తహసీల్దార్ ఆఫీసుకు వెళ్లాం. అక్కడి నుంచి న్యాయసేవాధికార సంస్థ దగ్గరికి. 1987 చట్టం ప్రకారం స్త్రీలకు, ఎస్సీ ఎస్టీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా వకీలును ఉచితంగా ఇస్తారని చాలామంది కాపరులకే తెలియదు, మాకూ తెలియదు. లోక్ అదాలత్‌లో రాజీ అన్నారు. రాజీ మంచిదే. కానీ బలవంతుడికీ బలహీనురాలికీ మధ్య రాజీ అంటే తరచు బలహీనురాలే వదులుకోవడం. అందుకే ఆమె పక్కన ఎవరో ఒకరు కూర్చోవాలి. ఎక్కువమంది మాట్లాడే చోట ఆమె మాట వినబడేదాకా కూర్చోవాలి.

బావగారు సంఘం మానేశారు. ఆయనతో పాటు మూడు కుటుంబాలు. ఆదివారం కానుకలు బాగా తగ్గాయి. కమిటీలో కొందరు ఇప్పటికీ మాతో సరిగా మాట్లాడరు. ఎకరం ఆమె సాగులోకి వచ్చింది. బోరు ఉన్న అర ఎకరం ఇంకా తేలలేదు. బావగారి ఇంటికి కూడా వెళ్తున్నాం, ఆయన కూడా మా మందలోని వాడే. తలుపు తీస్తారు, కాఫీ ఇస్తారు, చేను మాట ఎత్తితే లేచిపోతారు.

వచ్చే నెలలో వాయిదా. పొద్దున్నే మొదటి బస్సుకు ఆమెతో పాటు మేమూ బయలుదేరుతాం.