ఒకే మాట మీద ఇద్దరు నిలబడితే?

ప్రతి ఏడూ బడి తెరిచిన కొద్ది వారాలకు మా పిల్లలు శాలా సంసత్తు ఎన్నిక జరుపుకుంటారు. ఈసారి నాయకత్వానికి ముగ్గురు నిలబడ్డారు. ఇద్దరు ఆడపిల్లల మాట ఒకటే: శనివారం తెలుగు కథల పుస్తకాలు చదివే పీరియడు పోకూడదు. మూడో అభ్యర్థి అయిన పిల్లవాడు ఆ పీరియడు ఆటలకు ఇవ్వాలన్నాడు. మొత్తం 30 ఓట్లు. పిల్లవాడికి 12, ఆడపిల్లల్లో ఒకరికి 10, ఇంకొకరికి 8 వచ్చాయి. పుస్తకాలు కావాలన్నవాళ్లు 18 మంది, గెలిచింది మాత్రం ఆటల పక్షం.

ఫలితం చదవగానే 8 ఓట్లు వచ్చిన అమ్మాయి లేచి, "టీచర్, నా ఓట్లు దానికి కలపకూడదా?" అని అడిగింది. కూడదమ్మా అని చెప్పి కూర్చోబెట్టాం. కానీ ఆ ప్రశ్న మమ్మల్ని వదల్లేదు. ఎందుకంటే అది పిల్లల ప్రశ్న మాత్రమే కాదు. మా వల్లూరు ఉన్న పావగడ తాలూకాకు మూడు వైపులా ఆంధ్ర సరిహద్దే. ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడ, ఫోనులో ఇంగ్లీషు. ఇలాంటి చోట తెలుగు బడి నిలవాలనేవాళ్లు ఎక్కువ మందే ఉంటారు. అయినా ఎస్‌డీఎంసీ ఎంపిక వచ్చేసరికి వాళ్లే రెండు జట్లవుతారు. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందన్న సామెత మనకు కొత్తది కాదు. ఆ పోరు తీరే దారులు ఏమున్నాయో పెద్ద ఎన్నికల నుంచి చూద్దాం.

ముందు మన రాష్ట్రం సంగతే. 2008లో కర్ణాటక విధానసభలో బీజేపీకి 110 స్థానాలు వచ్చాయి. తర్వాత యడియూరప్ప పార్టీ వీడి కర్ణాటక జనతా పక్షం నడిపారు. బళ్లారి శ్రీరాములు బీఎస్సార్ కాంగ్రెస్ పెట్టారు. 2013లో ముగ్గురూ ఒకే రకం ఓటరు గడప తొక్కారు. బీజేపీ 40కి పడిపోయింది, కేజేపీకి 6, బీఎస్సార్‌కు 4 వచ్చాయి. కాంగ్రెస్ సుమారు 37 శాతం ఓట్లతో 224లో 122 గెలుచుకుంది. ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. విడిపోయిన మూడు పార్టీల ఓట్లూ కలిపినా 33 శాతం దాటవు. అంటే ఓటమికంతటికీ చీలికే కారణం అనలేం. కానీ ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవాడే గెలిచే పద్ధతిలో చీలిన పక్షానికి సీట్ల నష్టం ఓట్ల నష్టం కంటే చాలా పెద్దదవుతుంది. 2014 మొదట్లో యడియూరప్ప తిరిగి సొంత గూటికి చేరారు. ఆ ఏడాది లోక్‌సభ ఎన్నికల్లో బీజేపీ రాష్ట్రంలోని 28లో 17 గెలిచింది. ఓటు వేసేలోపే కలిసిపోవడం మొదటి దారి.

రెండో దారి అమెరికాలో కనిపిస్తుంది. అక్కడ అధ్యక్ష పదవికి పార్టీ అభ్యర్థి ఎవరో తేల్చడానికి ముందుగా రాష్ట్రాలవారీగా ప్రైమరీలు జరుగుతాయి. 2012 ఎన్నికకు రిపబ్లికన్ పార్టీలో రాన్ పాల్, గ్యారీ జాన్సన్ ఇద్దరూ దిగారు. ఇద్దరూ లిబర్టేరియన్లే. అంటే సర్కారు పెత్తనం తగ్గాలి, పన్నులు తగ్గాలి, పరదేశాల్లో యుద్ధాలు వద్దు, మనిషి సొంత బతుకులో ప్రభుత్వం వేలు పెట్టకూడదు అనేవాళ్లు. పాల్ టెక్సాస్ నుంచి ఎన్నికైన కాంగ్రెస్ సభ్యుడు. జాన్సన్ న్యూ మెక్సికోకు రెండు విడతలు గవర్నరు. 2008లో పాల్‌కు మద్దతు పలికినవాడే జాన్సన్. ఈసారి ఆయన పక్కనే పోటీకి నిలిచాడు.

ఏం జరిగింది? సర్వేల్లో శాతం చాలలేదని జాన్సన్‌ను చాలా టీవీ చర్చలకు పిలవలేదు. ఆ ఆలోచన నచ్చినవాళ్లు ముందే పాల్ వెంట ఉన్నారు. 2011 డిసెంబరు చివర్లో జాన్సన్ రిపబ్లికన్ పోటీ మానుకుని లిబర్టేరియన్ పార్టీలో చేరాడు. అయోవాలోని తన మద్దతుదారులను పాల్‌కు ఓటు వేయమన్నాడు. 2012 జనవరిలో పాల్ అయోవాలో సుమారు 21 శాతంతో మూడో స్థానంలో, న్యూ హాంప్‌షైర్‌లో సుమారు 23 శాతంతో రెండో స్థానంలో నిలిచాడు. చివరికి పార్టీ టికెట్టు మిట్ రామ్నీకి దక్కింది. నవంబరులో విడి పార్టీ తరఫున నిలిచిన జాన్సన్‌కు 12 లక్షలకు పైగా, అంటే ఒక శాతం దాకా ఓట్లు వచ్చాయి. ఇద్దరిలో ఎవరూ గెలవలేదు. అయినా వాళ్లు ఒకరి ఓటు ఒకరు చెడగొట్టుకోలేదు. మొదటి బ్యాలెట్టు పడక ముందే ఒకరు తప్పుకున్నారు, ఎటు వేయాలో తనవాళ్లకు నోరు విప్పి చెప్పారు. విడతలవారీ పోటీలో ఉన్న మేలు ఇదే. బలం తెలిసిపోయాక తప్పుకునే వ్యవధి ఉంటుంది.

మూడో దారి మన ఇంటిదే. అందులో మనవాళ్లే ఇద్దరున్నారు. 1969 మేలో రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ మరణించారు. జూలైలో బెంగళూరులో జరిగిన కాంగ్రెస్ సమావేశాల్లో పార్టీ అభ్యర్థిగా నీలం సంజీవరెడ్డిని నిర్ణయించారు. ఆయనది మన పక్కనే ఉన్న అనంతపురం జిల్లా ఇల్లూరు. తాత్కాలిక రాష్ట్రపతిగా ఉన్న వి.వి. గిరి రాజీనామా చేసి స్వతంత్ర అభ్యర్థిగా నిలిచారు. గిరిది బరంపురం తెలుగు కుటుంబం. ఆ ఊరు నేడు ఒడిశాలో ఉంది, అంటే ఆయనా మన పిల్లల్లాగే తెలుగు రాష్ట్రం బయట పుట్టిన తెలుగువాడు. ఇద్దరూ పాత కాంగ్రెసువాళ్లే. మూడో అభ్యర్థి సి.డి. దేశ్‌ముఖ్‌ను స్వతంత్ర పార్టీ, జనసంఘ్ నిలబెట్టాయి. స్వతంత్ర పార్టీ అంటే 1959లో రాజాజీతో కలిసి మన ఆచార్య ఎన్.జి. రంగా కట్టిన పార్టీ. లైసెన్సుల పెత్తనం వద్దు, రైతు భూమి రైతుదే అన్న పార్టీ. అమెరికా లిబర్టేరియన్లకు మన దేశంలో దగ్గరి చుట్టం ఎవరంటే దాన్నే చెప్పుకోవాలి.

రాష్ట్రపతి ఎన్నికలో ఎంపీలు, ఎమ్మెల్యేలు 1, 2, 3 అని ప్రాధాన్యాలు రాస్తారు. ఎవరికీ సగం దాటకపోతే అడుగున ఉన్నవారిని తొలగించి, వారి ఓట్లను రెండో ప్రాధాన్యం ప్రకారం పంచుతారు. మా అమ్మాయి అడిగిన 'కలపడం' ఇదే. కాంగ్రెస్ అధ్యక్షుడు నిజలింగప్ప చిత్రదుర్గ నాయకుడు. పావగడ నేడు చిత్రదుర్గ లోక్‌సభ నియోజకవర్గంలోదే కనుక ఆ పేరు మనకు పరాయిది కాదు. ఆయన స్వతంత్ర, జనసంఘ్ నాయకులను కలిసి రెండో ప్రాధాన్యం రెడ్డికి ఇప్పించమన్నారు. ఆ మంతనాలనే ఇందిరాగాంధీ పక్షం ఎత్తిచూపి, అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటు వేయమని కాంగ్రెసువాళ్లకు చెప్పింది.

ఆగస్టులో లెక్క ఇలా తేలింది. గెలుపుకు కావలసిన ఓట్ల విలువ 4,18,169. మొదటి లెక్కలో గిరికి 4,01,515, రెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769 వచ్చాయి. మిగతా చిన్న అభ్యర్థులనూ దేశ్‌ముఖ్‌నూ తొలగించి పంచాక గిరి 4,20,077కు, రెడ్డి 4,05,427కు చేరారు. గిరి గెలిచారు.

ఈ అంకెలను మనం పిల్లల చేత కూడించాలి. రెడ్డి మొదటి ఓట్లకు దేశ్‌ముఖ్ ఓట్లన్నీ కలిపితే 4,26,317 అవుతాయి. కావలసిన దానికన్నా 8,148 ఎక్కువ. అంటే దేశ్‌ముఖ్‌కు మొదటి ఓటు వేసినవారంతా రెండో ఓటు రెడ్డికే వేసి ఉంటే రాష్ట్రపతి మారేవారు. రెడ్డికి పెరిగినవి 91,879. గిరికీ 18,562 పెరిగాయి. మిగిలిన 10,833 ఎవరి ఖాతాలోకీ రాలేదు. కలిపే పద్ధతి ఉంది, కలపమని అడిగిన పెద్దలూ ఉన్నారు, అయినా ఓట్లు పూర్తిగా కలవలేదు. నాయకులు మాట్లాడుకున్నంత మాత్రాన ఓటరు చేయి అటు తిరగదన్నమాట. ఆ సంజీవరెడ్డే 1977లో పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు.

ఈ పద్ధతి ఉపాధ్యాయ మిత్రులకు కొత్తది కాదు. తుమకూరు జిల్లా ఉన్న ఆగ్నేయ ఉపాధ్యాయ నియోజకవర్గంలో విధాన పరిషత్ సభ్యుణ్ణి ఎన్నుకునేటప్పుడు హైస్కూలు టీచర్లు ఇలాగే అంకెలు వేస్తారు. 2025లో ఉత్తరాంధ్ర ఉపాధ్యాయ ఎమ్మెల్సీ ఎన్నికలో పీఆర్టీయూ, ఏపీటీఎఫ్, యూటీఎఫ్ పక్షాల వాళ్లు వేర్వేరుగా నిలిచారు. మొదటి ప్రాధాన్య ఓట్లతో ఎవరికీ సగం రాలేదు. రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కించాకే గాదె శ్రీనివాసులు నాయుడు గెలిచారు. మన వర్గంలోనే సంఘాలు వేరైనా ఓటు వృథా కాకుండా ఆ రెండో అంకె కాపాడింది. ఇంత తెలిసిన మన టీచర్లలోనూ చాలామంది 1 వేసి బ్యాలెట్టు మడిచేస్తారు. రెండో గడి ఖాళీగా వదిలితే, మన అభ్యర్థి తొలగిపోయిన రోజున మన ఓటు అక్కడే ఆగిపోతుంది.

ఇప్పుడు మన బడుల దగ్గరికి వద్దాం. పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాట్లకు ప్రయత్నించాలని రాజ్యాంగం 350-ఎ అధికరణం రాష్ట్రాలకు చెబుతోంది. కానీ తరగతి నడవాలంటే కాగితం మీద అధికరణంతో పాటు గదిలో పిల్లలు, వాళ్ల వెనక ఒక్క మాట మీద నిలిచే తల్లిదండ్రులు ఉండాలి. తెలుగు మాధ్యమం ఉంటూనే కన్నడ గట్టిగా నేర్పాలని కొందరంటారు. మాధ్యమం ఏదైనా తెలుగు ఒక సబ్జెక్టుగా మిగిలితే చాలని ఇంకొందరంటారు. రెంటికీ కారణాలున్నాయి. ఇద్దరూ పోటీ పడటంలో తప్పు లేదు, ఏ దారి మేలో తేలేది అలాగే. తప్పు ఎక్కడంటే, చేతులెత్తే రోజు దాకా ఒకరితో ఒకరు మాట్లాడకపోవడంలో. పిల్లలు తగ్గారు, తెలుగు తరగతి ఎత్తేద్దామన్న మాట వచ్చేది ఆ సందులోనే.

తల్లిదండ్రులకు మా విన్నపం మూడు మాటలు. ఎంపికకు ముందే రెండు జట్లూ ఒకసారి కూర్చుని, ఎవరికి బలం తక్కువో తెలిస్తే వాళ్లు తప్పుకోవడం మేలు. తప్పుకున్నవాళ్లు ఎటు మద్దతో అందరి ముందూ చెప్పాలి. చాటున చెబితే 1969లోలాగా అనుమానమే మిగులుతుంది. ఇద్దరూ నిలబడక తప్పదంటే, చేతులెత్తడం మాని చీటీ మీద 1, 2 రాయించమని హెడ్‌మాస్టరును అడగండి. పది నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే.

మరుసటి శనివారం మా పిల్లల చేత అలాగే రాయించి చూశాం. ఫలితం మార్చడానికి కాదు, లెక్క నేర్పడానికి. మొదటి అంకెలు మళ్లీ 12, 10, 8. ఆ 8 మందిలో ఆరుగురు రెండో అంకె ఇంకో అమ్మాయికి, ఇద్దరు పిల్లవాడికి వేశారు. 16, 14 అయింది. ఇద్దరు అటెందుకు వేశారని అడిగితే, ఆ రెండో అమ్మాయి వాళ్లతో ఎప్పుడూ మాట్లాడదట. పిల్లవాడు నాయకుడిగానే ఉన్నాడు, పుస్తకాల పీరియడు కోసం ఆడపిల్లలిద్దరూ ఇప్పుడు కలిసి అతనితో మాట్లాడుతున్నారు.