మారిన విస్తరి

ఒకప్పుడు మనసుకు హత్తుకొన్న చోటికి చాలకాలానికి తిరిగి వెళ్ళడం ఒక విధంగా సాహసమే. ఇటీవల ఒక పనిమీద కోదాడ నుండి హుజూర్‌నగర్ పోయే దారిలోని చిలుకూరుకు వెళ్ళినప్పుడు ఈ సంగతి మాకు అనుభవానికి వచ్చింది.

చదువుకొనే రోజులలో పరీక్షల కోసం వచ్చినప్పుడల్లా ఆ ప్రాంతంలోని ఒక భోజనశాలలోనే తినేవాళ్ళము. మోదుగాకు విస్తరి, కట్టెలపొయ్యిమీద ఉడికిన అన్నం, ముద్దపప్పు, పచ్చిపులుసు, గడ్డపెరుగు, అంతే. కాని వడ్డించే పెద్దమ్మ, "కడుపునిండ తిను బిడ్డా, రేపు పరీక్ష రాయాలె" అంటూ అడగకుండానే మరొక గరిటె వేసేది. చేత డబ్బు లేనినాడు బాకీ గోడమీద బొగ్గుగీతగా నిలిచేదే గాని, ఆకలితో వచ్చిన విద్యార్థి ఆకలితో మరలిపోయేవాడు కాడు.

మొన్న మళ్ళీ ఆ గడప తొక్కాము. ముందుగా చీటీ కొనమన్నారు. కాగితపు పళ్ళెంలో ఎప్పుడో వండి చల్లారిన అన్నం, నీళ్ళవంటి పప్పు, పొట్లపు పెరుగు వచ్చాయి. వడ్డించే కుర్రవాడు మా ముఖమైనా చూడలేదు. అతనిని తప్పుపట్టలేము; మా వెనుక పదిమంది నిలబడి ఉన్నారు. సగం తిని లేచాము. రుచి తప్పినందుకు కాదు, ఆదరం తప్పినందుకు మనసు చివుక్కుమన్నది.

పూటకూళ్ళ ఇల్లు తెలుగువారికి నిన్నటిది కాదు. వినుకొండ వల్లభరాయని పేర వెలసిన క్రీడాభిరామంలో, ఓరుగల్లులో ఒక్క రూకకు దొరికే భోజనపు ముచ్చట ఉన్నది: కప్పురభోగి అన్నం, గోధుమ పిండివంట, పంచదార, అప్పుడే కాచిన నెయ్యి, పెసరపప్పు, నాలుగైదు నంజుళ్ళు, గట్టిపెరుగు. సురవరం ప్రతాపరెడ్డిగారు ఇటువంటి కావ్యాలను గాలించియే 1949లో 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'ను వెలువరించారు. రాజుల యుద్ధాలతోపాటు జనుల విస్తరి కూడా చరిత్రయే అని ఆయన మనకు నేర్పారు.

అయితే పాతదంతా బంగారమని పాడుకోవడం న్యాయం కాదు. అందరినీ ఒకే పంక్తిలో కూర్చోనివ్వని భోజనశాలలు ఆనాడు ఎన్నో ఉండేవి. ఆ పెద్దమ్మ ఆదరం మావరకు అందింది. గడప బయటనే ఆగిపోయిన వారి సంగతి ఆ వయసులో మాకు తోచలేదు. నేడు చీటీ కొన్న ప్రతివాడూ ఒకే బల్లవద్ద కూర్చుంటున్నాడు. ఇది సామాన్యమైన లాభం కాదు.

మరి సమత్వం వచ్చినచోట ఆదరం ఎందుకు తొలగిపోవాలి? అన్నానికి కరువా అంటే, లేదు. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదలిన పిమ్మట ఈ సీమ వరిమాగాణి అయింది. మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు పేరుపడ్డది. ధాన్యం రాసులు పెరిగినచోటనే అన్నంపట్ల శ్రద్ధ తగ్గడం వింత. ఇందులో మన పాలు కూడా ఉన్నది. పది నిమిషాలలో తిని పోవాలి, ధర మాత్రం పెరగరాదు అని కోరేది మనమే. పళ్ళెం ఇచ్చినవాని ముఖం మనమూ చూడలేదు గదా!

ఆ పాత పొయ్యిని మళ్ళీ రాజేయడం మన చేతిలో లేదు. కాని మన ఎదుటనే మరొక పంక్తి ఉన్నది. వండిన అన్నమే పిల్లలకు బడిలో పెట్టాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశించింది. కులం అడుగని ఆ పంక్తిలో నేడు లక్షల పిల్లలు కూర్చుంటున్నారు. ఉపాధ్యాయుడు ఒక్కపూట వారితో కలిసి తిని, రుచి చూచి, లోపముంటే చెప్పి, వండిన తల్లిని పేరుపెట్టి పలుకరిస్తే చాలు. పిల్లలు అది చూచి నేర్చుకొంటారు. మేము పోగొట్టుకొన్న ఆదరం, ఈసారి ఎవరినీ గడప బయట నిలుపకుండా, అక్కడ మళ్ళీ మొలకెత్తవచ్చును.